తెల్ల గీత ఉన్న చక్రం

మా మేనమామ పోయాడన్న కబురు పొద్దున దీపం పెట్టే వేళకు వచ్చింది. ఒత్తి నూనెలో తడిపి అగ్గిపుల్ల గీయబోతుంటే ఫోను మోగింది. గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేట నుంచి అత్త. ఆమె గొంతులో ఏడుపు లేదు. "నిద్రలోనే పాపా. కాఫీకి లేపితే లేవలేదు. మొగం మాత్రం బాగుండాది" అంది. వస్తున్నాం అత్తా అని ఫోను పెట్టేశాను. ఆ దీపం వెలిగించవచ్చో కూడదో తెలియక కాసేపు అలాగే నిలబడ్డాను. తర్వాత వెలిగించాను. ఆయన చీకటిని ఓర్చుకోలేని మనిషి.

వాకిట్లోకి వస్తే మా పికప్ బండి మంచులో తడిసి నిలబడి ఉంది. ముందురోజు టమాట తోటలోకి దిగి వచ్చినందువల్ల చక్రాలకు బురద గట్టిపడి ఉంది. కొంగు తడిపి ఎడమవైపు వెనక చక్రాన్ని తుడిచాను. బురద కింద నుంచి మామ తన చేత్తో దిద్దిన తెల్ల గీత మెల్లగా బయటికి వచ్చింది. అప్పుడు ఏడుపు వచ్చింది.

మా అమ్మ వాళ్ళు బంగారు గనుల కోసం చిత్తూరు వైపు నుంచి వచ్చిన వాళ్ళు. అమ్మను సుగటూరులో సేద్యం చేసే ఇంటికి ఇచ్చారు. ఆమె తమ్ముడు, అంటే మా మామ, గని సర్కారు చేతికి వచ్చిన తర్వాత పనిలో చేరాడు. ఆయనది టింబర్ పని. లోపల తవ్విన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం. ఇనుము పెట్టకుండా కట్టె ఎందుకు పెడతారు మామా అని చిన్నప్పుడు అడిగాను. "కట్టె అరుస్తాది పాపా. బరువు ఎక్కువైతే కిర్రుకిర్రుమని ముందే చెప్తాది. మనం పరిగెత్తేదానికి టైమిస్తాది" అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు మా ఇంటి దూలం కింద పడుకుని, అది ఏమైనా చెబుతుందేమోనని చెవులు పెట్టి వినేదాన్ని.

ఒకసారి లోపల బండ పేలింది. దాన్ని వాళ్ళు ఎయిర్ బ్లాస్ట్ అనేవారు. పైన గని కూలీలుండే లైన్ ఇళ్ళలో గిన్నెలు కూడా కదిలేవట. ఆ రోజు మామ, ఇంకో ఇద్దరు ఒక మూలలో చిక్కుకుపోయారు. టోపీల మీది దీపాలు ఒక్కొక్కటిగా ఆరిపోయాయి. ఎంతసేపు అలా ఉన్నారో ఆయనకు తెలియదు. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే అని మాత్రం చెప్పేవాడు. ఆ చీకట్లో ఆయనకు టేకల్ దగ్గరి గుట్ట మీది అమ్మవారు గుర్తుకు వచ్చింది. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఆయన్ను చంకనెత్తుకుని ఎక్కిన గుట్ట అది. బయటపడితే కార్తీకంలో నీ గుట్టెక్కి నా చేత్తో దీపం పెడతాను తల్లీ అని మొక్కుకున్నాడు.

బయటపడ్డాడు. కానీ గుట్ట ఎక్కలేదు. ఒక ఏడు షిఫ్టు కుదరలేదు. ఒక ఏడు ఇంట్లో పురిటి మైల. వచ్చే ఏడు, వచ్చే ఏడు అనుకుంటూ ఉండగానే గని మూతపడింది. అప్పటికే ఆయన ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము పేరుకుపోయి ఉంది. పది మెట్లు ఎక్కితే చాలు, పెదాలు నల్లబడేవి. ఆయన తరఫున ఎవరైనా దీపం పెట్టివస్తారని అత్త ఎన్నోసార్లు చెప్పింది. ఆయన ఒకటే మాట అనేవాడు. "చీకట్లో ఉండింది నేను గదా."

నన్ను ఆ గుట్ట కింది ఊరికే కోడలిగా ఇచ్చారు. అమ్మవారు ఎలా రాసి పెట్టిందో చూడండి. రోజూ ముగ్గు వేసి తల ఎత్తితే గుట్ట కనిపిస్తుంది. తల ఎత్తినప్పుడల్లా మామ గుర్తుకు వచ్చేవాడు.

ఆయన మా ఇంటికి వచ్చేటప్పుడు బస్సు దిగి నడిచి వచ్చే తీరు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. పది అడుగులు వేసి ఆగేవాడు. ఆయాసం వచ్చి ఆగానని ఎవరికీ తెలియకూడదు. అందుకని దేన్నో చూస్తున్నట్టు నిలబడేవాడు. పక్కన నేనుంటే, పట్టు పురుగులు గూళ్ళు కట్టే ఆ చంద్రంకీ తట్టలు ఎవరివి పాపా అనో, ఆ మామిడిచెట్టు ఈసారి పూత పడుతుందా అనో అడిగేవాడు. నేనూ ఏమీ తెలియనట్టే తీరిగ్గా జవాబు చెప్పేదాన్ని. ఆ పావు మైలు దూరంలో ఊళ్ళో ప్రతి చెట్టు గురించీ మాట్లాడుకునేవాళ్ళం. జేబులో ఎప్పుడూ అగ్గిపెట్టె ఉండేది. బీడీలు మానేసి ఎన్నో ఏళ్ళైనా అగ్గిపెట్టె మానలేదు.

తోటలు గుట్ట వాలులో ఉన్నాయి, మామూలు బండి ఎక్కదు అని మా ఆయన ఒక పాత పికప్ కొన్నాడు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే, వెనక ఇంకో సీటు ఉన్న రకం. రాళ్ళు కొట్టేవాళ్ళ దగ్గర అరిగిపోయిన బండి. టైర్లు అరచేతిలా నున్నగా ఉన్నాయి. రంగు ఏమిటో చెప్పడానికి కూడా లేదు. బండి చూడమని మామను పిలిచాం. గని మూతపడ్డాక ఆయన చాలా కాలం రాబర్ట్‌సన్‌పేటలో ఒక టైర్ల అంగడిలో పని చేశాడు. చక్రం చూడాలంటే ఆయనే చూడాలి.

ఆయన వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ఒక్కొక్క చక్రాన్ని వేలి కణుపుతో తట్టి, తల వంచి విన్నాడు. తర్వాత నడుము మీద చేతులు పెట్టుకుని గుట్ట వైపు చూశాడు. గుట్టకు మా ఊరి వైపు, రాళ్ళు కొట్టేవాళ్ళు ఎప్పుడో వేసుకున్న బాట ఒకటి ఉంది. ఆరు మలుపులు. గుడికి నూరు అడుగుల కింద వరకూ వెళ్తుంది. ఆయన నోరు తెరిచి ఏమీ అడగలేదు. మా ఆయనే అన్నాడు. "చక్రాలు మీరు చూడండి మామా. గుట్టెక్కించేది నేను చూస్తాను."

మామ టవలుతో మొహం తుడుచుకున్నాడు. చెమట లేదు, చలికాలం అది.

మరుసటి వారం రాబర్ట్‌సన్‌పేట అంగడికి వెళ్ళాం. ఆ అంగడి నాకు ఇప్పటికీ కలలో చూసినట్టే ఉంటుంది. గోడ నిండా చక్రాలు వేలాడుతున్నాయి. అన్నీ ఇనుము కాని, మెరిసే అలాయ్ చక్రాలు. ఒకటి సూర్యుడిలా, ఒకటి పువ్వులా, ఒకటి దేవుడి చేతిలో చక్రంలా. ట్యూబులైటు వెలుతురు వాటి మీద పడి జారుతోంది. నాకు పువ్వు చక్రం మీద మనసు పడింది. మామ మొక్కు తీర్చే బండి, అమ్మవారి దగ్గరికి వెళ్ళే బండి, దానికి అందం ఉండవద్దా అనిపించింది. దాని మీద వేసే టైరు కూడా వెడల్పుగా, పల్చగా, షోకుగా ఉంది. ఇది తీసుకుందాం మామా అన్నాను.

ఆయన దాన్ని కిందికి దింపించి తట్టాడు. గంట మోగినట్టు మోగింది. మూలన నల్లగా పడి ఉన్న ఇనుప చక్రాన్ని తట్టాడు. దాని శబ్దం మొద్దుగా ఉంది.

"అది మెరస్తా ఉండాది, నిజమే. కానీ రాయి తగిలితే వంగదు, పగుల్తాది. పగిలే ముందర చెప్పను గూడా చెప్పదు. ఇది వంగుతాది. వంగితే నేను సరిచేస్తాను" అన్నాడు.

వెడల్పు టైరు మలుపులో మడ్‌గార్డుకు రాసుకుంటుందనీ, పల్చటి టైరులో గాలి తక్కువ కాబట్టి ప్రతి రాయి దెబ్బా నేరుగా చక్రానికే తగులుతుందనీ నాకు అర్థమయ్యేలా చెప్పాడు. ఎత్తుగా, పెద్ద పెద్ద గడ్డలతో మట్టిని పట్టుకునే టైర్లు ఏరాడు. అంగడి యజమాని ఆయనకు పాత స్నేహితుడు. నవ్వుతూ, "ఏం పెద్దాయనా, పెండ్లికూతురికి గోనెసంచి కట్టిస్తా ఉండావే" అన్నాడు.

"ఈ పెండ్లికూతురు గుట్టెక్కాల అప్పా. పట్టుచీర ఆమెకు అడ్డం."

నా మొహం చిన్నబోవడం మామ చూశాడు. దారిలో అన్నాడు, చక్రం నేను ఏరినాను, ఇంగ అందం అంతా నువ్వు ఏరు అని. ఆ మాట నిలబెట్టుకున్నాడు. రంగు నేను చెప్పిందే. లైన్ ఇళ్ళ తలుపులకు వేసే ఆకుపచ్చ రంగు, చిన్నప్పుడు సెలవులకు మామ ఇంటికి వెళ్తే ముందు కనిపించే రంగు. ముందర రాళ్ళు తగలకుండా గొట్టం కమ్మీ, వెనక సరుకు వేసే టబ్బు మీద దీపాల కమ్మీ, ఎక్కడానికి అడుగు పలక. ఆ పలక ఆయన కోసమే అని నేను చెప్పలేదు. ఆయనా అడగలేదు. ముందు అద్దం మీద అమ్మవారి పేరు రాయించాలన్న ఒక్క దగ్గర మాత్రం అడ్డం చెప్పాడు. "అద్దం చూసేదానికి. పేరు ఎనక రాయిస్తాం. ఎనక వచ్చేవాళ్ళు చూసి మొక్కుకుంటారు."

ఇనుప చక్రాలకు నల్ల రంగు వేసి, అంచు చుట్టూ తెల్ల గీత ఆయనే దిద్దాడు. చక్రాన్ని జాకీ మీద ఎత్తి, మా వాకిట్లో చిన్న పీట మీద కూర్చుని, కుంచె కదలకుండా పట్టుకున్నాడు. నేను చక్రాన్ని మెల్లగా తిప్పాను. కుంచె కదలలేదు, చక్రమే కదిలింది. గీత తనంతట తానే పుట్టుకొస్తున్నట్టు ఉంది. మధ్యాహ్నం ఎండ, తోటలోంచి ఎక్కడో నీళ్ళ మోత, ఆయన ఊపిరిలో సన్నటి ఈల. చక్రం ఎంతసేపు తిప్పానో నాకు తెలియదు. జీవితంలో మళ్ళీ ఒకసారి దొరికితే బాగుండును అనిపించే మధ్యాహ్నాలలో అది ఒకటి.

ఇప్పుడు చెప్పబోయేది మా ఆయనకు కూడా తెలియదు. ఇది చదివితేనే తెలుస్తుంది.

మా అత్తవారింట్లో ఒక ఆచారం ఉంది. పనికి పెట్టే ముందు ప్రతి వస్తువుకూ నువ్వుల నూనె పూసి, పసుపు కుంకుమ పెడతాం. రోలుకు, నాగలికి, కొత్త తలుపుకు, పట్టు పురుగుల తట్టలకు. ఆ కార్తీకం చివరి సోమవారం పొద్దున, అందరూ లేవకముందే, నేను గిన్నె నిండా నూనె పట్టుకుని బండి దగ్గరికి వెళ్ళాను. నాలుగు టైర్లకూ పూశాను. నలుపు నిగనిగలాడింది. చక్రాల కన్నాల్లోకి చెయ్యి దూర్చి, లోపల కనిపించిన ఇనుప బిళ్ళకు కూడా బాగా పట్టించాను. అమ్మవారికి తలంటినట్టే పూశాను. అది బ్రేకు పట్టుకునే బిళ్ళ అని నాకు తెలియదు.

సాయంత్రం బయలుదేరాం. మా ఆయన నడుపుతున్నాడు, పక్కన మామ, వెనక సీట్లో అత్త, నేను. మామ కొత్త పంచె కట్టుకున్నాడు. ఒడిలో మట్టి ప్రమిద పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. మొదటి మలుపు ఎక్కాం. రెండో మలుపులో బాటకు అడ్డంగా రాయి పడి ఉంది. దిగి తీసేద్దామని మా ఆయన బ్రేకు తొక్కాడు. బండి నిలబడలేదు. వెనక్కి జారడం మొదలుపెట్టింది. చేతి బ్రేకు లాగినా గులకరాళ్ళ మీద టైర్లు సరసరా జారిపోయాయి. అత్త అమ్మవారిని పిలుస్తోంది. ఎడమవైపు వెనక చక్రం ఒక బండకు దడాలున తగిలి, బండి ఆగింది. బండకు అవతల ఏమీ లేదు, లోయ.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. దిగి చూస్తే ఇనుప చక్రం అంచు లోపలికి వంగి ఉంది, పగల్లేదు. ముందు చక్రాల నుంచి పొగ, కాలిన నువ్వుల నూనె వాసన. మామ ముక్కు ఎగబీల్చి నా వైపు చూశాడు. నా చేతుల వైపు చూశాడు. ఎంత కడుక్కున్నా గోళ్ళ అంచుల్లో పసుపు ఉంది. చేతులు కొంగు కింద దాచుకున్నాను.

మా ఆయనకు కోపం వచ్చింది. నిన్నటిదాకా బాగా పట్టిన బ్రేకు ఇప్పుడు ఏమైంది, బండిని ఎవరు ముట్టుకున్నారు అని గట్టిగా అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మామ అన్నాడు. "నేనే అప్పా. నిన్న గ్రీసు పూసినాను. చెయ్యి జారి ఆడ పడుండాది."

మా ఆయన మళ్ళీ స్టీరింగు ముందు కూర్చున్నాడు. పెద్దవాణ్ణి ఏమంటాడు? మొదటి గేరులో, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కిందికి దిగాం. ఆ ఏడు దీపం పెట్టలేదు.

మరుసటి రోజు మామ మా వాకిట్లో కూర్చుని వంగిన అంచును సుత్తితో సరిచేశాడు. మూడు దెబ్బలు, తర్వాత ఆగి గుట్ట వైపు చూడటం. మళ్ళీ మూడు దెబ్బలు. నేను పక్కన కూర్చుని ఏడుస్తున్నాను. ఆయన సుత్తి పక్కన పెట్టి చెప్పాడు. "నూనె అమ్మకు పూయి పాపా. చక్రానికి బొట్టు చాలు." అంతే. ఆ మాట మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. తెల్ల గీతను మళ్ళీ దిద్దాడు. కానీ అంచు పూర్తిగా నేరుగా రాలేదు, కొంచెం సొట్ట మిగిలింది. "ఉండనీలే. దానికీ ఒక గుర్తు కావాల" అన్నాడు.

తర్వాతి వానాకాలం ఆయన ఆరోగ్యం బాగా చెడింది. రెండుసార్లు ఆసుపత్రిలో చేర్చారు. వెళ్ళి చూసినప్పుడల్లా నా చేతుల్లో నువ్వుల నూనె వాసన వస్తున్నట్టు ఉండేది. ఒక్క గిన్నె నూనెతో ఆయన మొక్కును నేనే ఆపేశానేమో, అమ్మ ఇంకో కార్తీకం ఇస్తుందో లేదో అని ప్రతి పొద్దునా దీపం ముందు కూర్చుని ఒకటే అడిగేదాన్ని. ఆ ఏడాది నేను నా కోసం ఏదీ అడగలేదు.

అమ్మ ఇచ్చింది. మళ్ళీ కార్తీకం వచ్చింది, ఆయన ఉన్నాడు. పంచె వదులైంది, గొంతు సన్నగిల్లింది. ఆయన్ను అడుగు పలక మీదికి ఎక్కించడానికి మా ఆయన చంకల కింద చేతులు వేసి ఎత్తాల్సి వచ్చింది. ఈసారి చక్రాలకు నేను ఒక్కొక్క కుంకుమ బొట్టు మాత్రమే పెట్టాను. మామ అది చూసి కళ్ళతో నవ్వాడు.

బండి ముసలి ఏనుగులా కదిలింది. ఒక్కొక్క రాయినీ టైరు తడిమి, పట్టుకుని, ఎక్కి, దిగింది. రెండో మలుపులో అత్త నా చెయ్యి పట్టుకుంది. అయిదో మలుపు దాటాక గాలి చల్లబడింది. బాట అయిపోయిన చోటి నుంచి గుడి దాకా నూరు అడుగులు. ఆయన నడుస్తానన్నాడు. అయిదు అడుగులకు ఒకసారి ఆగాడు. ఆగినప్పుడల్లా ఏదో ఒకటి చూపించాడు. ఆ బండ తాబేలు మాదిరి లేదా అన్నాడు. ఆ పువ్వు పేరేమి అన్నాడు. నేను అన్నిటికీ తీరిగ్గా జవాబు చెప్పాను. సూర్యుడు కూడా మా కోసం కాస్త నెమ్మదించాడేమో అనిపించింది.

గుడి అంటే రెండు పెద్ద బండల మధ్య సందు, లోపల అమ్మ. ప్రమిదలో నూనె నేను పోశాను. ఆయన జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. మొదటి పుల్ల గాలికి ఆరింది. రెండోదీ ఆరింది. మా ఆయన చేతులు అడ్డం పెట్టబోతే వద్దన్నట్టు తల ఊపి, తన అరచేతులే గూడు చేసి మూడోది గీశాడు. వెలుగు ఆయన వేళ్ళ మధ్య నుంచి ఎర్రగా కనిపించింది. ఒత్తి అంటుకుంది.

ఆయన ఊపిరిలోని ఈల మాత్రం వినపడుతోంది. దూరంగా, పొద్దు వాలే వెలుతురులో, గనుల దగ్గరి మట్టి దిబ్బలు తెల్లటి గీతలా కనిపించాయి. వాటిని చూస్తూ అన్నాడు, "ఆడ లోపల ఉన్నప్పుడు, ఈ దీపం నాకు కనపడింది పాపా. ఇట్లనే." తర్వాత అత్త వైపు తిరిగి, ఇంగ పోదాం అన్నాడు.

ఆ తర్వాత ఆయన ఇంకో మూడు కార్తీకాలు ఉన్నాడు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా ముందు బండి దగ్గరికి వెళ్ళి ఆ సొట్ట చక్రాన్ని కణుపుతో తట్టి, విని, తర్వాతే కాళ్ళు కడుక్కునేవాడు.

కబురు వచ్చిన పొద్దున ఆ బండిలోనే రాబర్ట్‌సన్‌పేట వెళ్ళాం. అత్త చెప్పింది నిజమే, మొహం బాగుంది. చొక్కా జేబులో అగ్గిపెట్టె ఉంది. అత్త దాన్ని తీసి నాకు ఇచ్చింది.

నిన్న ఈ కార్తీకం మొదటి సోమవారం. గుడికి నూనె డబ్బా, పూలు పంపించాలి. నాకు మోకాళ్ళ నొప్పి, కింద ఉండిపోయాను. మా ఆయన ఒక్కడే బండి తీసుకుని వెళ్ళాడు. అగ్గిపెట్టె ఆయన జేబులో పెట్టి పంపాను. వాకిట్లో నిలబడి చూశాను. పచ్చ బండి మంచులోకి మెల్లగా ఎక్కుతోంది. ఎడమవైపు వెనక చక్రం తిరిగినప్పుడల్లా ఆ సొట్ట దగ్గర తెల్ల గీత కొంచెం ఊగుతుంది, గాలికి దీపం ఊగినట్టు. ఊగుతూ, నిలుస్తూ, మళ్ళీ ఊగుతూ రెండో మలుపు తిరిగింది. పక్కింటావిడ, ఏమక్కా ఏమి చూస్తా ఉండావు అని అడిగింది. ఆ మామిడిచెట్టు ఈసారి పూత పడుతుందా అని చూస్తున్నాను అన్నాను.